అగ్ని చెప్పిన సాక్ష్యము

క్రీ. శ. 1666 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున లండను నగరమందలి పుడ్డింగ్ లేన్ వీధిలో ఒక రొట్టెల దుకాణమున నిప్పు పుట్టెను. నాలుగు దినములు మండిన ఆ యగ్నికి సుమారు 13,200 ఇండ్లు ఆహుతి యయ్యెను. వేలకొలది జనులు కట్టుబట్టలతో మిగిలిరి. అటుపిమ్మట సుమారు పదునైదేండ్లకు నికొలస్ బార్బన్ అను నతడు ఆ నగరమున ఇండ్లకు అగ్ని బీమాను నెలకొల్పెను. పెక్కుమంది తలకొక కొంత చెల్లింతురు. ఒకని యిల్లు కాలినచో ఆ నిధినుండి నష్టము పూరింపబడును.

మంచి యేర్పాటునకు సయితము దుర్వినియోగము తప్పలేదు. తమ యింటికి తామే నిప్పంటించి బీమా సొమ్ము పుచ్చుకొనువారు బయలుదేరిరి. అట్టి నిప్పు ఆ యింటితో ఆగదు. ఇరుగుపొరుగు ఇండ్లకును ప్రాకును. అందుచే 1774లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టము చేసెను. యజమాని మోసమునకు గాని, గృహదహనమునకు గాని పాల్పడెనను అనుమానము కలిగినచో, సొమ్మును అతని చేతికీయక, కాలిన యింటిని తిరిగి కట్టుటకే వెచ్చింపవలెనని అందు విధింపబడెను. ఈ నియమమునందలి నేర్పు గమనింపదగినది. మోసగానికి సొమ్ము దక్కదు. నిర్దోషికి ఇల్లు దక్కును.

అనుమానమునకు కారణము లుండవచ్చును. యజమాని అప్పులపాలై యుండుట, ప్రమాదమునకు ముందే విలువైన సామగ్రి ఇల్లు దాటుట, కొలది దినముల క్రిందటనే బీమా మొత్తము పెరుగుట – ఇవి విచారణకు దారి చూపును. కాని నేరమును నిరూపింపవు. అప్పులున్నవాని యింటను దీపము ఒరగవచ్చును గదా!

కాలిన నేల కూడ ఒక్కొక్కప్పుడు చూపరులను మోసపుచ్చును. బీమాతో నిమిత్తము లేకయే ఈ సత్యమును తెలిపిన యుదంతము ఒకటి కలదు. 1990లో అమెరికా దేశమున, ఫ్లోరిడా రాష్ట్రమందలి జాక్సన్‌విల్ నగరమున ఒక యిల్లు కాలి ఆరుగురు మరణించిరి. ప్రాణములతో బయటపడిన యొక వ్యక్తి, నిప్పు సోఫాపై పుట్టినదని చెప్పెను. అధికారులు నమ్మలేదు. నేలపై కాలిన గుర్తులను చూచి, పెట్రోలువంటి ద్రవము పోసి తగులబెట్టినాడని తలచి, అతనిపై హత్యానేరము మోపిరి.

అయితే అభియోగపక్షము నియమించిన నిపుణులే ఆ ప్రక్కనున్న, అట్టిదే యగు ఇంటిని పరీక్షకు తీసికొనిరి. అందు అదే విధమైన సామాను అమర్చి, పెట్రోలు బొట్టయినను వాడక సోఫాకు నిప్పంటించిరి. వేడిపొగ కప్పు క్రింద క్రమ్ముకొనెను. నాలుగైదు నిమిషములలోనే గదియంతయు ఒక్కసారిగా భగ్గుమనెను. మంట లారిన పిదప చూడగా, నేలపై అట్టి గుర్తులే కనిపించెను. అభియోగము ఉపసంహరింపబడెను.

ఆ నిపుణులు తమ్ము నియమించినవారి పక్షమును వహింపలేదు; కన్నులార చూచినదానినే చెప్పిరి. అనుమానించుట విచారణకు మొదటి మెట్టు మాత్రమే. దానిని పరీక్షకు నిలుపనిచో దోషి తప్పించుకొనవచ్చును. అంతకంటె ఘోరముగా, నిర్దోషి శిక్షకు గురి కావచ్చును.