తెల్లరాయిలో దాగిన ‘మట్టి’

మా కోలారు జిల్లాలో కె.జి.ఎఫ్. అనగానే అందరికీ బంగారమే గుర్తొస్తుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఆ గనుల్లో మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి పలుగురాతి చారల్లోంచి బంగారం తీశారు. ఆ రాతిలోనే ఇంకో ఖనిజం కూడా ఉంది. దాని పేరు షీలైట్. చూడ్డానికి పలుగురాయిలాగే తెల్లగా ఉంటుంది గానీ చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లు బరువైతే, ఇది ఆరు రెట్లు. చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడితే నీలితెలుపు కాంతితో వెలుగుతుంది. ఖనిజాలు సేకరించేవాళ్లకి ఇదంటే అందుకే అంత మోజు.

షీలైట్‌లో ఉండేవి కాల్షియం, టంగ్‌స్టన్, ఆక్సిజన్. వీటితోపాటు కొద్దికొద్దిగా రేర్ ఎర్త్ మూలకాలూ ఉంటాయి. వాటి అయాన్లు ఇంచుమించు కాల్షియం అయానంతే ఉంటాయి కాబట్టి దాని చోట్లో దూరి కూర్చుంటాయి. ఆ వెలుగు మాత్రం వీటిది కాదు, టంగ్‌స్టన్, ఆక్సిజన్ కూటమిది. వీటి పని వేరే. ఏ మూలకం ఎంత పాలు ఉందో కొలిచి, బంగారాన్ని మోసుకొచ్చిన వేడినీరు ఎలాంటిదో భూగర్భ శాస్త్రవేత్తలు ఊహిస్తారు.

ఇక మన శాఖకు సంబంధించిన సంగతి. రేర్ ఎర్త్‌ని పత్రికలు ‘అరుదైన భూ మూలకాలు’ అంటున్నాయి. ఇక్కడ ఎర్త్ అంటే భూమి కాదు, మట్టి. నీటిలో కరగని, మంటకు చెక్కుచెదరని ఆక్సైడ్లను పాతకాలపు రసాయనవేత్తలు అలా పిలిచేవారు. ఆ లెక్కన పాఠ్యపుస్తకాల్లోని ‘విరళ మృత్తికలు’ సగం సరైన మాట. సగమే ఎందుకంటారా? వీటిలో ఒకటైన సీరియం భూమి పైపొరలో ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. మరి విరళం ఎక్కడ!

టంగ్‌స్టన్ మాటకు స్వీడిష్‌లో బరువు రాయి అని అర్థం. మొదట అది ఈ షీలైట్ పేరే. 1781లో షీలే అనే రసాయనవేత్త ఇందులో కొత్త పదార్థం ఉందని కనిపెట్టాక, రాయి పేరు లోహానికి పోయింది, ఆయన పేరు రాయికొచ్చింది.

స్వీడన్‌వాళ్లు బరువు రాయి అన్నదాన్ని మన గని కార్మికులు ఏమన్నారు? ఏ నిఘంటువులోనూ నాకు కనబడలేదు. గనిలో దిగినవాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే. మీ ఇళ్లల్లో అలాంటి తాతలుంటే, ఈ తెల్లరాయి సంగతి అడిగి, వాళ్లన్న మాట అన్నట్టే రాసి నాకివ్వండి.