క్రిస్మస్ చలనచిత్రాలు – ఆంగ్ల భాషాశ్రవణం

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్లంలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడైన విద్యార్థికి కళాశాలలో అడుగుపెట్టిన తరువాత ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. పుస్తకంలోని ఆంగ్లం అతనికి అర్థమవుతుంది. అధ్యాపకుడు నల్లబల్లపై రాసినది కూడా అర్థమవుతుంది. అదే వాక్యాన్ని ఎవరైనా వేగంగా పలికితే మాత్రం అర్థం కాదు. అర్థం కానందువల్ల బదులు చెప్పడు. బదులు చెప్పనందువల్ల అతనికి ఏమీ రాదని ఎదుటివారు భావిస్తారు. కొన్నాళ్లకు అతడూ అలాగే నమ్మడం మొదలుపెడతాడు. ఉద్యోగాల మౌఖిక పరీక్షలలో ప్రతిభావంతులు సైతం తడబడేది తరచుగా ఇక్కడే. ఇటువంటి విద్యార్థికి కావలసినది మరొక వ్యాకరణ గ్రంథం కాదు, చెవికి అలవాటు.

చెవితో భాష నేర్చుకోవడం తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయ నాటకాలను రాత్రి తెల్లవార్లూ చూసినవారిలో అక్షరజ్ఞానం లేనివారు ఎందరో ఉన్నారు. వారు పద్యాలను కంఠస్థం చేసి, పొలం గట్లమీద రాగయుక్తంగా పాడుకున్నారు. సమాసాల అర్థం వారికి పదం పదంగా తెలియకపోవచ్చు. కథ మాత్రం ముందే తెలుసు. రాయబారానికి వచ్చినవాడు ఎవరో, ఎవరిమీద ఎవరికి కోపమో తెలిసినప్పుడు తెలియని పదం కూడా తన అర్థాన్ని తానే చెబుతుంది. తెలిసిన కథను మళ్లీ మళ్లీ వినడమే ఆ విద్యలోని కిటుకు.

ఆంగ్లం నేర్చుకునేవారికి క్రిస్మస్ చలనచిత్రాలు ఉపకరించేది ఈ కారణం చేతనే. వాటి కథలు సరళంగా ఉంటాయి. ఇల్లు, భోజనం, ప్రయాణం, కానుకలు, అలకలు, క్షమాపణలు – ఇవే వాటిలోని వస్తువులు. పాత్రలు మాట్లాడేది నిత్యజీవితంలో అవసరమయ్యే భాష. పైగా పాశ్చాత్య దేశాలలో కుటుంబాలు వాటిని ఏటేటా తిరిగి చూస్తాయి. కనుక ఒకే చిత్రాన్ని పదిసార్లు చూసే విద్యార్థిని ఎవరూ వింతగా చూడనక్కరలేదు.

వినడంలో ఎదురయ్యే మొదటి అడ్డంకి ఏమిటో తెలుగు విద్యార్థి సులభంగా గ్రహించగలడు. ఎందుకంటే దాని పేరు అతనికి చిన్ననాటి నుండి తెలుసు: సంధి. ‘పిక్’, ‘ఇట్’, ‘అప్’ అనే మూడు పదాలు వాడుకలో కలిసి ‘పికిటప్’ అవుతాయి. హల్లుతో ముగిసిన పదం తరువాతి అచ్చును లాగుకొంటుంది. ‘మీట్ యు’ అన్నది ‘మీచు’ అని, ‘డిడ్ యు’ అన్నది ‘డిడ్జు’ అని వినబడుతుంది. సత్ + జనుడు సజ్జనుడు కావడం, సత్ + చరిత్ర సచ్చరిత్ర కావడం చదివిన విద్యార్థికి ఇందులో ఆశ్చర్యమేముంది? తాలవ్యధ్వని పక్కన చేరగానే ముందున్న ధ్వని కూడా తాలవ్యమవుతున్నది. ఆంగ్ల వైయాకరణులు దీనిని శ్చుత్వసంధి అనరు, అంతే.

రెండవ అడ్డంకి ఊనిక. తెలుగు అజంత భాష. ‘బస్’ను ‘బస్సు’గా, ‘కార్’ను ‘కారు’గా మార్చుకొని ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతుంది. ఆంగ్లంలో ముఖ్యమైన పదాలపైననే ఊనిక పడుతుంది. ‘టు’, ‘ఆఫ్’, ‘అండ్’ వంటి చిన్న పదాలు దాదాపు మింగివేసినట్లుగా వినబడతాయి. ‘గోయింగ్ టు’ అన్నది ‘గొన్నా’ అవుతుంది. పుస్తకంలో కనిపించే అన్ని పదాలనూ చెవితో వెదికే విద్యార్థి మూడవ పదం దగ్గరే ఆగిపోతాడు. వక్త అప్పటికి రెండు వాక్యాలు దాటిపోయి ఉంటాడు. వినడానికి ‘గొన్నా’ తెలిసి ఉండవలసిందే గాని, పరీక్షలో జవాబు పత్రంపై దానిని రాయరాదు.

ఏ చిత్రంతో ప్రారంభించాలి? 1990లో వచ్చిన ‘హోమ్ అలోన్’ అనుకూలమైనది. పారిస్ ప్రయాణపు హడావుడిలో ఎనిమిదేళ్ల కెవిన్‌ను తల్లిదండ్రులు ఇంటిలోనే మరచిపోతారు. ప్రారంభంలో ఇంటినిండా చుట్టాలు, అందరూ ఒకేసారి అరుస్తూ ఉంటారు. అక్కడ ఏమీ అర్థం కాలేదని నిరాశ చెందనక్కరలేదు. ఆ గందరగోళమే దర్శకుని ఉద్దేశం. ఇల్లు ఖాళీ అయిన తరువాత మాటలు తగ్గుతాయి. చర్చిలో కెవిన్‌కూ పొరుగింటి వృద్ధునికీ మధ్య జరిగే సంభాషణ నెమ్మదిగా, స్పష్టంగా సాగుతుంది. కొడుకుతో మాటలు లేని ఒక తండ్రి తన దిగులును ఒక బాలునికి చెప్పుకోవడం అందులోని విషయం. దొంగలపై కెవిన్ పన్నిన ఉచ్చులు నవ్విస్తాయి గాని, భాష నేర్పేది ఈ దృశ్యమే.

ఫ్రాంక్ కాప్రా దర్శకత్వంలో 1946లో వెలువడిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అంతకన్న గంభీరమైనది. విడుదలైనప్పుడు అది ఆశించిన ధనం తేలేదు. 1974లో దాని కాపీహక్కును పునరుద్ధరించకపోవడంతో అమెరికాలోని టెలివిజన్ కేంద్రాలు దానిని విరివిగా ప్రసారం చేశాయి. ఆ విధంగా అది పండుగలో భాగమయింది. అందులో భయపడిన ప్రజలు తమ సొమ్ము తిరిగి ఇమ్మని చిన్న రుణసంస్థపై విరుచుకుపడతారు. వారి సొమ్ము పెట్టెలో లేదనీ, ఇరుగుపొరుగువారి ఇళ్లరూపంలో ఉన్నదనీ కథానాయకుడు జార్జ్ బెయిలీ నచ్చజెబుతాడు. ఒకరొకరిని పేరుపెట్టి పిలుస్తూ, చిన్న చిన్న మాటలతో ఒక గుంపును శాంతింపజేసే తీరు అక్కడ చూడవచ్చు. బృందచర్చలకు సిద్ధమయ్యేవారికి ఇంతకన్న మంచి పాఠం దొరకదు.

చదవడం, వినడం రెండూ జోడించదలచినవారికి చార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరులో ప్రచురించిన ‘ఎ క్రిస్మస్ కారల్’ ఉన్నది. పిసినారి స్క్రూజ్ కథ అది. ఆ పేరు ఆంగ్లంలో లోభికి పర్యాయపదమే అయింది. దీనిని అనేకులు చిత్రాలుగా మలిచారు. వాటిలో 1951 నాటి అలస్టేర్ సిమ్ చిత్రం గాని, తోలుబొమ్మలను తలపించే మపెట్ పాత్రలతో 1992లో వచ్చిన చిత్రం గాని చూసి, ఆ ఘట్టాన్నే పుస్తకంలో చదివితే విన్న మాటకు అక్షరరూపం దొరుకుతుంది.

తెరపై కనిపించే ఉపశీర్షికల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మిటరర్, మెక్వీన్ అనే పరిశోధకులు డచ్ విద్యార్థులకు స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసలలోని ఆంగ్ల దృశ్యాలను చూపి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆంగ్ల ఉపశీర్షికలతో చూసినవారు ఆ యాసలను మెరుగుగా గ్రహించారు. మాతృభాషలో ఉపశీర్షికలు చదివినవారికి కొత్త వాక్యాలు వినడంలో ఆ మేలు కలగలేదు, పైగా ఆటంకమే కలిగింది. చెవి వింటున్న ధ్వనులకూ కంటి ముందున్న అక్షరాలకూ పొంతన కుదరనప్పుడు కన్నే గెలుస్తుంది. కనుక తెలుగులో చూడదలచినవారు కథ కోసం ఒక్కసారి చూసి, అక్కడితో దానిని విడిచిపెట్టడం మంచిది. ఆపై ఐదు నిమిషాల ఘట్టాన్ని ఎంచుకొని, ఆంగ్ల ఉపశీర్షికలతో రెండుసార్లు, అవి లేకుండా రెండుసార్లు చూడాలి. విన్నది కాగితంపై రాసి సరిచూసుకోవాలి. తరువాత పాత్రతోపాటు గొంతెత్తి పలకాలి. ఇంటిలోనివారు నవ్వినా ఈ చివరి పనిని మానరాదు.

తప్పు దొర్లుతుందేమోనన్న భయమే చాలామంది నోరు కట్టివేస్తుంది. 2003 నాటి ‘లవ్ యాక్చువల్లీ’ చిత్రమంతా విద్యార్థులు చూడదగినది కాకపోయినా, అందులో జేమీ అనే ఆంగ్ల రచయిత, పోర్చుగీసు మాత్రమే తెలిసిన ఆరేలియా అనే యువతి కథ ఇక్కడ చెప్పదగినది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకచోట పనిచేస్తారు. విడిపోయిన తరువాత ఆమె కోసం అతడు పోర్చుగీసు నేర్చుకుంటాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి నలుగురి ఎదుట, ఆ వచ్చీరాని భాషలోనే, తనను వివాహమాడుమని ఆమెను అడుగుతాడు. వ్యాకరణం అడుగడుగునా తప్పుతుంది. ఆమె అంతా విని, తాను రహస్యంగా నేర్చుకొన్న ఆంగ్లంలో, అన్నే తప్పులతో, సరేనంటుంది.