బయలుదేరు వేళ

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27:9–26, లూకా 13:4, 5

భద్రాచలము అడవిసీమలోని మన సంఘములలో విమానము ఎక్కినవారు బహు కొద్దిమంది. అయినను వాగు దాటవలసినవారు, గోదావరిలో పడవ ఎక్కవలసినవారు అనేకులున్నారు. కనుక ఈ మాసము ఒక చిన్న విమానపు సంగతి తీసికొని, బయలుదేరు వేళను గూర్చి ధ్యానింతము.

2004 ఏప్రిల్ 17వ తేదీన బెంగుళూరులోని జక్కూరు విమానాశ్రయమునుండి నలుగురు ఒక చిన్న సెస్నా విమానములో లేచిరి. తెలుగు సినిమాలలో పేరొందిన నటి సౌందర్యయు, ఆమె సహోదరుడును వారిలో నుండిరి. ఎన్నికల ప్రచారము నిమిత్తము వారు కరీంనగరునకు రావలసియుండెను. లేచిన కొద్దిసేపటికే విమానము కూలి మండిపోయెను. నలుగురిలో ఒక్కరును బ్రతుకలేదు.

1. తీర్పు తీర్చకుందము

ఇట్టి వార్త వినినప్పుడు, “వారేమి పాపము చేసిరో!” అను మాట కొందరి నోట వచ్చును. సిలోయములో గోపురము పడి చనిపోయిన 18 మందిని గూర్చి ప్రభువు ఆ తలంపునే త్రోసివేసెను. వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారు. దుఃఖపడు ఇంటికి మనము తీర్పు మోసికొనిపోరాదు. కన్నీరు తుడుచుటకు పోవలెను.

2. గాలిని ఎరుగుదము

విమానము గాలికి ఎదురుగా పరుగెత్తి లేచును. ఎదురుగాలి రెక్కలను పైకెత్తుటకు తోడ్పడును. అయితే ఆ గాలి ఉన్నట్టుండి ఆగినను, ప్రక్కకు తిరిగినను, పైనుండి క్రిందికి త్రోసినను ఆ బలము తగ్గిపోవును. చాల ఎత్తున నున్న విమానము కొంత దిగి, వేగము కూడగట్టుకొని తేరుకొనగలదు. అప్పుడే లేచిన దానికి దిగుటకు చోటు లేదు. క్రింద నేలయే యున్నది. అందుచేతనే బయలుదేరు వేళ అంత అపాయకరము.

దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమున అడవిలోని మిషనరీలకు మందులు, సరకులు చేరవేయుచుండిన నేట్ సెయింట్ 1948 డిసెంబరులో ఇట్లే పడిపోయెను. కీటో పట్టణము సముద్రమునకు సుమారు 2,800 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ గాలి పలుచన. ఆయన విమానము లేచుచుండగా క్రిందికి త్రోయు గాలి దానిని నేలకు కొట్టెను. ఆయన వెన్నెముక విరిగెను. స్వస్థపడిన పిమ్మట మరల ఎగిరెను. ఆయన పోయినది మంచి పనిమీదనే. అయినను గాలి ఎవరి భక్తిని చూచియు విసరదు.

3. మెల్లని గాలికి మోసపోకుందము

మంచిరేవులలో పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఓడ యజమానుని మాటనే నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే అందరును తమ కోరిక నెరవేరెనని తలంచి లంగరెత్తిరి. కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి కొట్టెను. దేవుని కృపవలన 276 మంది ప్రాణములు దక్కెను గాని ఓడ దక్కలేదు, సరకు దక్కలేదు.

మనమును అట్లే చేయుదుము. సంతకు ఆలస్యమగునని, పెండ్లి ముహూర్తము మించునని, కూటమునకు అందవలెనని తొందరపడుదుము. “ప్రార్థన చేసికొంటిమి గదా” అని పొంగుచున్న వాగులో దిగుదుము. అది విశ్వాసము కాదు. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు దుమకలేదు. ఆగుటయు విశ్వాసమే.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన లాంచీ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగెను. అందులో 70 మందికి పైగా నుండిరి; వారిలో అనేకులు తిరిగి ఇల్లు చేరలేదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరగానే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటెను. ఈ హెచ్చరికలను పౌలు మాటవలె ఆలకింతము. పెద్దలు, పడవవారు “నేడు వద్దు” అన్నప్పుడు వారిని పిరికివారని నవ్వకుందము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

మన యింట తొందరపడువారు ఎవరు? వారిని ఆపగలవారు ఎవరు?

వాన కాలములో వాగు దాటి కూటమునకు రాలేనివారిని సంఘము తప్పుపట్టుచున్నదా, లేక వారికొరకు వేరొక ఏర్పాటు చేయుచున్నదా?