పెళ్లి ముందు, ఫైలు తర్వాత

అబ్బాయి డాలస్‌లోనో టొరంటోలోనో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయిది సూళ్లూరుపేట. సెలవు దొరికిన నాలుగు వారాల్లోనే పెళ్లి, వ్రతం, చెంగాళమ్మ దర్శనం, బంధువుల ఇళ్లలో భోజనాలు అన్నీ అయిపోతాయి. అబ్బాయి విమానం ఎక్కుతాడు. ఆ తర్వాత వీసా అధికారి ఒక ప్రశ్న వేస్తాడు: మీది నిజమైన పెళ్లేనని ఎలా నమ్మమంటారు?

ఈ ప్రశ్నకు కొందరికి కోపం వస్తుంది. ఊరందరి ముందు చేసుకున్న పెళ్లికి ఇంకా రుజువేంటని అడుగుతారు. కొందరికి భయం పట్టుకుంటుంది. ఎవరో చెప్పారని లేని కాగితాలు పుట్టిస్తారు. రెండూ నష్టమే. నిజమైన పెళ్లికి రుజువు పుట్టించాల్సిన పని లేదు. మీ బతుకు రోజూ కొన్ని జాడలు వదులుతూనే ఉంటుంది. వాటిని పోగొట్టుకోకుండా, వరుస తప్పకుండా దాచుకోవడమే మీ పని. ఓపిక, క్రమం, నిజాయితీ ఉన్న ఎవరైనా ఈ పని చేయగలరు.

అడగడానికి కారణం ఉంది

అమెరికా 1986లో దొంగ పెళ్లిళ్లను అడ్డుకోవడానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. అప్పటి నుంచి, అక్కడ శాశ్వత నివాసం దొరికే రోజుకు పెళ్లై రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుతో గ్రీన్‌కార్డు ఇస్తున్నారు. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 ఫారం పెట్టి, కాపురం సాగుతోందని మళ్లీ చూపించాలి.

బ్రిటన్‌లో ఒకప్పుడు ఇంతకంటే కఠినమైన నిబంధన ఉండేది. పెళ్లి ముఖ్య ఉద్దేశం ఆ దేశంలో అడుగు పెట్టడం కాదని దంపతులే నిరూపించుకోవాలి. పెద్దలు కుదిర్చిన సంబంధాలకు అది పెద్ద గండం. పెళ్లికి ముందు పరిచయమే లేని జంట ఏ ప్రేమలేఖలు తెచ్చి చూపిస్తుంది? 1997 జూన్‌లో ఆ నిబంధన రద్దయింది. ఇప్పుడు అక్కడ చూసేది బంధం నిజమైనదా, ఇంకా నిలిచి ఉందా అని.

అమెరికా అప్పీళ్ల కోర్టు 1975లో బార్క్ కేసులో అసలు ప్రశ్నను తేల్చి చెప్పింది. పెళ్లి చేసుకునే సమయంలో ఇద్దరికీ కలిసి జీవితం నిర్మించుకోవాలనే ఉద్దేశం ఉందా? చూడాల్సింది అదే. తర్వాత దూరంగా ఉన్నంత మాత్రాన పెళ్లి బూటకం అయిపోదు. కాబట్టి మీరు సూళ్లూరుపేటలో, ఆయన డాలస్‌లో ఉన్నారని కుంగిపోకండి. దూరం మీ తప్పు కాదు. దూరంలోనూ మీరిద్దరూ ఒక కుటుంబంగా ఎలా నడుస్తున్నారో చూపించండి, చాలు.

తొందరపడి తేదీని తిప్పకండి

మన ప్రాంతంలో ఒక అలవాటు పెరిగింది. నిశ్చితార్థం అవగానే, వీసాకు టైం పడుతుందని, ముందుగా మ్యారేజ్ సర్టిఫికెట్ తీసేసుకుంటారు. పెళ్లి ఆరు నెలల తర్వాత. ఇది ప్రమాదం.

2024 ఏప్రిల్ 19న డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ అలవాటునే తప్పుపట్టింది. ఆ కేసులో ఇద్దరూ పైలట్లు. సంప్రదాయం ప్రకారం పెళ్లి జరగకుండానే సర్టిఫికెట్ తీసుకున్నారు. తర్వాత గొడవలు వచ్చాయి. హిందూ వివాహ చట్టం కింద, జరగాల్సిన క్రతువు జరగకపోతే రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే పెళ్లి కాదని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ తేల్చారు. విదేశాలకు దరఖాస్తు చేసుకునేందుకు, సమయం కలిసొస్తుందని ముందే రిజిస్టర్ చేయించే తల్లిదండ్రుల పద్ధతిని తీర్పులోనే ప్రస్తావించి, అది కూడదన్నారు.

అందుకే వరుస తప్పకండి. ముందు పెళ్లి. తర్వాత రిజిస్ట్రేషన్. ఆ తర్వాత దరఖాస్తు. నిజంగానే ముందుగా చట్టబద్ధమైన పెళ్లి కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల నోటీసు ఇచ్చి, అధికారి ముందు, సాక్షుల ముందు చేసుకుంటే అదే మీ పెళ్లి, అదే మీ పెళ్లి తేదీ. దాన్ని దాచకండి. ఫారాల్లో ఆ తేదీయే రాయండి. తర్వాత మండపంలో జరిగేది వేడుక అని చెప్పండి.

రిజిస్ట్రేషన్‌ను వాయిదా కూడా వేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేసే చట్టం 2002లోనే వచ్చింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు తప్పనిసరి కావాలంది. అబ్బాయి ఊళ్లో ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని పూర్తి చేసుకోండి. ఆయన వెళ్లాక ఆ సంతకాల కోసం మళ్లీ టికెట్ కొనాల్సి వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉండి వీడియోలో చేసుకున్న పెళ్లిని నమ్ముకోకండి. 2015 జూన్ నుంచి కెనడా, ఇద్దరూ ఒకేచోట హాజరు కాని పెళ్లిళ్ల ఆధారంగా జీవిత భాగస్వామిని రానివ్వడం ఆపేసింది. అమెరికా కూడా అలాంటి పెళ్లి తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేస్తేనే గుర్తిస్తుంది.

నాలుగు వైపుల నుంచి చూపించండి

ఏ కాగితాలు పెట్టాలో తెలియక చాలామంది పెళ్లి ఆల్బమ్ ఒక్కటే పంపేస్తారు. ఆస్ట్రేలియా నిబంధనలు ఈ విషయంలో ఎవరికైనా దారి చూపిస్తాయి. అక్కడి అధికారులు బంధాన్ని నాలుగు వైపుల నుంచి చూస్తారు: డబ్బు, ఇల్లు, నలుగురు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం. మీరు వెళ్లే దేశం ఏదైనా ఈ నాలుగు పేర్లతో నాలుగు కవర్లు పెట్టుకోండి.

డబ్బు: ఆయన పంపిన డబ్బు మీ ఖాతాలో పడిన స్టేట్‌మెంట్లు, ఇద్దరి పేరా తీసుకున్న బ్యాంకు ఖాతా. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో కూడా ఇక్కడున్న భార్యను ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో చేర్చుకోవచ్చు. బీమా పాలసీలో నామినీ మార్చండి. మీకు ఇక్కడ ఉద్యోగం ఉంటే పీఎఫ్ నామినేషన్ కొత్తగా వేయండి. కుటుంబం లేనప్పుడు వేసిన పాత నామినేషన్ పెళ్లితో రద్దయిపోతుంది కాబట్టి, వీసా ఉన్నా లేకున్నా ఇది చేయాల్సిన పనే.

ఇల్లు: కొత్త జంటకు ఇది పలుచగానే ఉంటుంది, కంగారు పడకండి. అత్తగారింటికి మారితే ఆధార్‌లో అడ్రసు మార్చుకోండి. ఆయన అక్కడ తీసుకున్న ఇంటి అద్దె ఒప్పందంలో, మీరు వచ్చాక మీ పేరూ చేర్చమని ఇప్పుడే చెప్పండి.

నలుగురు: ఇక్కడే తెలుగు పెళ్లికి బలం ఎక్కువ, మనవాళ్లు వాడుకునేది మాత్రం తక్కువ. లగ్నపత్రిక, శుభలేఖ, కల్యాణ మండపం రసీదు, వంటవాళ్ల బిల్లు, ఫొటోగ్రాఫర్ బిల్లు ఉంచండి. చదివింపుల పుస్తకాన్ని అటక మీద పడేయకండి. ఏ ఊరి నుంచి ఎవరొచ్చారో, ఎవరేం చదివించారో ఆ రాత్రే రాసిన పుస్తకం అది. వీసా కోసం ఎవరూ రాయలేదు కాబట్టే దానికి అంత విలువ. ఫొటోల్లో మీరిద్దరే కాకుండా ఇరువైపుల పెద్దలు ఉన్నవి ఏరండి. పెళ్లిచూపుల నుంచి అప్పగింతల దాకా, ఆ తర్వాత పులికాట్ ఒడ్డుకు వెళ్లినవీ, చెంగాళమ్మ గుడికి వెళ్లినవీ కలిపి ఇరవై ముప్ఫై చాలు. ప్రతి ఫొటో కింద తేదీ, చోటు, అందులో ఉన్నవాళ్ల వరసలు రాయండి. పెళ్లికి వచ్చిన ఇద్దరు ముగ్గురి చేత తాము చూసింది తమ మాటల్లో రాయించండి. అందరి చేతా ఒకే మ్యాటర్ మీద సంతకం పెట్టించవద్దు.

కట్టుబడి ఉండటం: ప్రయాణ టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, ఫోన్ పిలుపుల జాబితా, వాట్సాప్ సంభాషణలు. వేల పేజీలు వద్దు, నెలకు రెండు మూడు పేజీలు తీయండి. పరీక్ష ఫలితం చెప్పుకున్నవి, మామగారి ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నవి, అక్కడ ఇల్లు వెతుకుతూ పంపుకున్నవి తీయండి. ముద్దుమాటల కంటే ఇవి కాపురాన్ని బాగా చెబుతాయి. అమెరికా దరఖాస్తుకైతే తెలుగులో ఉన్నదాన్ని పూర్తిగా ఇంగ్లిషులోకి మార్చాలి. అనువాదం సరైనదేనని, తనకు రెండు భాషలూ వచ్చునని అనువాదకుడు సంతకం చేయాలి.

పేరు, ఊరు, జిల్లా ఒకేలా

సూళ్లూరుపేటవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న మన ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మీ పుట్టిన సర్టిఫికెట్‌లో నెల్లూరు జిల్లా ఉంటుంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో తిరుపతి జిల్లా ఉంటుంది. వేల మైళ్ల అవతల ఫైలు చూసే అధికారికి అవి రెండు ఊళ్లలా కనిపించవచ్చు. ఊరి పేరు ఇంగ్లిషు స్పెల్లింగు కూడా కాగితానికో రకంగా ఉంటుంది. రెండు వాక్యాల వివరణ రాసి ఫైలు మొదట్లో పెట్టండి.

పేర్లూ అంతే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, శుభలేఖలో ముద్దుపేరు ఉంటే మూడూ ఒకరివేనని చెప్పండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత ప్రతి ఆఫీసులో దాన్ని సరిచేయించుకుంటూ తిరగాలి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేసుకోండి.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో పనిచేసేవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు, అడిగి చూడండి. కౌంట్‌డౌన్ మొదలయ్యే నాటికి తనిఖీలు నెలల తరబడి జరిగి ఉంటాయి. మీ ఫైలుకూ అదే పద్ధతి పెట్టుకోండి. ముందు పేజీలో జాబితా, తర్వాత వరుస సంఖ్యలు, చివర ఇంకొకరి చేత ఒకసారి సరిచూపించడం.

తెలియనిది తెలియదనండి

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న భర్త దగ్గరికి హెచ్-4 వీసాతో వెళ్లేవారు చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్తారు. పౌరుడి భార్యగానో గ్రీన్‌కార్డుదారుడి భార్యగానో ఇమిగ్రెంట్ వీసాకు వెళ్లేవారి ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో. అక్కడ అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. సంబంధం ఎవరు తెచ్చారు? మీ ఆయన తోబుట్టువులు ఎంతమంది? పెళ్లికి ఎవరెవరు వచ్చారు? ఆయన ఏం పని చేస్తారు?

బట్టీ పట్టకండి. దానికి బదులు, ఇంటర్వ్యూకు ముందు కొన్ని సాయంత్రాలు ఇద్దరూ ఫోన్లో మీ కథను మొదటి నుంచి చెప్పుకోండి. జాతకాలు చూసి, మూడు వారాల్లో కుదిరిన సంబంధమైతే అదే చెప్పండి. సినిమా ప్రేమకథ అల్లాల్సిన అవసరం లేదు. పెద్దలు ఏం చూసి ఒప్పుకున్నారు, మీరేం చూసి ఒప్పుకున్నారు, ఈ రెండూ స్పష్టంగా చెప్పగలిగితే చాలు. ఆయన జీతం రూపాయి పైసలతో తెలియకపోతే ‘తెలియదండీ’ అనండి. నిజం చెప్పేవాళ్లకు గుర్తుండనివి కొన్ని ఉంటాయి. ఆ మాట తడబడకుండా చెప్పడం ఆత్మవిశ్వాసమే.

ఒక్క అబద్ధం కూడా వద్దు

ఫొటో తేదీ మార్చమని, లేని అద్దె ఒప్పందం రాయించమని చెప్పే దళారులు ఉంటారు. వాళ్ల మాట వినకండి. అమెరికాలో పెళ్లి మోసానికి ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. బూటకపు పెళ్లని ఒకసారి తేలితే, తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా ఆ పిటిషన్‌ను ఆమోదించరు. నిజమైన పెళ్లికి ఒక్క దొంగ కాగితం తోడైతే మిగతా నిజమైన కాగితాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. ఏదైనా కాగితం లేకపోతే లేదని, ఎందుకు లేదో రాయండి. మొదటి పెళ్లి విడాకులైతే ఆ డిక్రీ పెట్టండి.

అమ్మాయి చేతిలో ఒక సెట్టు

తల్లిదండ్రులకు నా గట్టి విన్నపం ఇది. ఈ కాగితాలన్నిటి పూర్తి నకళ్లు అమ్మాయి దగ్గర విడిగా ఉండాలి. ఆయన పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ఉద్యోగం చేసే చోటు, ఇంటి అడ్రసు కూడా ఉండాలి. పెళ్లి చేసుకుని వెళ్లి తిరిగిరాని భర్తల కోసం ఎదురుచూసిన ఆడపిల్లలు మన రాష్ట్రంలో ఉన్నారు. ఆ బాధ చట్టసభల దాకా వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల నమోదు బిల్లు రాజ్యసభకు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో ఈ పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేయాలని, పాస్‌పోర్టులో పెళ్లి వివరాలు ఉండాలని సిఫార్సు చేసింది. వీసా కోసం కూర్చిన ఫైలే, రేపు ఏదైనా కష్టమొస్తే అమ్మాయికి అండ. మంచి భర్త దీన్ని అనుమానంగా తీసుకోడు. తనే కూర్చుని నకళ్లు తీయిస్తాడు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

నాలుగు కవర్లు కొనండి. చదివింపుల పుస్తకం, శుభలేఖ, రసీదులు ఎక్కడున్నాయో అమ్మనూ అత్తమ్మనూ అడిగి తెచ్చుకోండి. ఫొటోలు ఏరి కింద పేర్లు రాయండి. ఇద్దరి పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి పేర్లు, తేదీలు, ఊళ్లు సరిచూడండి. ఇక నుంచి ప్రతి నెల మొదటి ఆదివారం అరగంట దీనికి కేటాయించండి. అక్కడికి వెళ్లాక కూడా ఆపకండి. అద్దె, బ్యాంకు, బీమా, పన్నుల కాగితాలు ఇద్దరి పేరా ఉంచుకుంటే రెండేళ్ల తర్వాతి పరీక్షకు పరుగులు పెట్టాల్సిన పని ఉండదు. ఖర్చు, సంపాదన, అడ్రసు, ఆపద అన్నీ ఇద్దరికీ తెలిసి ఉండటం కాపురానికి కావాల్సిన అలవాటే. వీసా పని పూర్తయ్యాక కూడా ఆ అలవాటు మానకండి.