మాలపల్లి నవల – పాత్రలపై సమాజ ప్రభావం

మానవుడు సంఘజీవి. పుట్టిన కులం, పెరిగిన ఇల్లు, చేపట్టిన వృత్తి, ఎదురైన న్యాయాన్యాయాలు అతని స్వభావాన్ని తీర్చిదిద్దుతాయి. నవలలోని పాత్రలకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. అయితే ఒకే సమాజంలో పెరిగినవారందరూ ఒకే తీరుగా ఎందుకు ఉండరు? ఈ ప్రశ్నకు తెలుగులో చక్కని సమాధానం ‘మాలపల్లి’ నవల.

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) జాతీయోద్యమంలో పాల్గొని, 1922లో రాయవేలూరు చెరసాలలో ఈ నవలను రచించారు. ‘సంగవిజయం’ దీనికి మరొక పేరు. మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది.

మంగళాపురం మాలపల్లెలోని రామదాసు కుటుంబమే కథకు కేంద్రం. రామదాసు భక్తుడు, శాంతమూర్తి. అస్పృశ్యత వల్ల కలిగిన అవమానాలను ఆయన వేదాంతదృష్టితో సహించాడు. కుమారుడు సంగదాసు భూస్వామి చౌదరయ్య ఇంట పాలేరు. యజమాని కుమారుడు రామానాయుడితో స్నేహం, గాంధీయుగ భావాలు అతనిని సంస్కర్తగా మలచాయి. కూలీల పక్షాన నిలిచిన సంగదాసు చౌదరయ్య కొట్టిన దెబ్బకు మరణించాడు. పెద్ద కుమారుడు వెంకటదాసు ఈ అన్యాయాలను సహింపలేక తిరుగుబాటుదారుడై, ధనవంతులను దోచి పేదలకు పంచాడు.

తండ్రిది సహనం, ఒక కుమారునిది సంస్కరణ, మరొకనిది తిరుగుబాటు. ముగ్గురికీ తగిలిన గాయం ఒక్కటే. స్పందనలు మాత్రం వేరు. చౌదరయ్య ఇంట కూడా ఇదే భేదం కనిపిస్తుంది. సంపద, కులాధిక్యం తండ్రిని కఠినునిగా చేయగా, అదే ఇంట పెరిగిన కుమారుడు సంగదాసుకు ఆప్తమిత్రుడయ్యాడు. కనుక సమాజం పాత్రకు పరిస్థితిని కల్పిస్తుంది, స్వభావాన్ని ప్రభావితం చేస్తుంది. తుది నిర్ణయాన్ని మాత్రం పాత్ర తానే తీసుకుంటుంది. రచయిత ప్రతిభ ఈ రెంటి సమన్వయంలో ఉంది.

తెలంగాణ జీవితాన్ని చిత్రించిన వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’లో దొరల దౌర్జన్యమే కంఠీరవాన్ని ప్రజాసేవకు పురికొల్పింది. నాడు జహీరాబాదు ప్రాంతం కూడా నిజాం రాజ్యంలోనిదే. చిరాగ్‌పల్లి వంటి గ్రామాల విద్యార్థులు ఆనాటి జీవితాన్ని గురించి ఇంటి పెద్దలు విన్న విషయాలను అడిగి తెలుసుకొంటే ఆ పాత్ర మరింత చక్కగా బోధపడుతుంది.

కఠిన పదాలకు అర్థాలు
అస్పృశ్యత = అంటరానితనం
ఆప్తమిత్రుడు = మిక్కిలి దగ్గరి స్నేహితుడు
సమన్వయం = పొందిక

ప్రశ్నలు
1. రామదాసు, సంగదాసు, వెంకటదాసుల స్వభావాలలోని భేదాలకు కారణాలను వివరించండి.
2. వెంకటదాసు ఎంచుకొన్న మార్గాన్ని మీరు సమర్థిస్తారా? సహేతుకంగా రాయండి.
3. రామానాయుడి పాత్ర ఆధారంగా, మనిషి తన పరిసరాలను అధిగమించగలడా? చర్చించండి.