వాహనానికి వెనుక చెవులు

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రాన్ని వాడటం వేరు, దాని తీరునెరిగి వాడటం వేరు. కారు వెనుక ఉండే పార్కింగ్ సెన్సర్ ఎలా పనిచేస్తుందో, అది చెడిపోతే ఇంటివద్ద ఎలా మార్చుకోవాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చిమ్మచీకటిలోనూ గబ్బిలం దేనికీ తగలకుండా ఎగురుతుంది. అది చేసే ధ్వని వస్తువును తాకి మరలివస్తుంది. ఆ ప్రతిధ్వనియే దానికి దారి చూపుతుంది. గబ్బిలాలు మనకు వినబడని అతిధ్వనులు వెలువరిస్తాయని 1938లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రిఫిన్, పియర్స్ కనుగొన్నారు.

కారు వెనుక బంపర్‌లో గుండ్రని బిళ్ళల వలె కనబడే సెన్సర్లదీ ఇదే విద్య. ఒక్కొక్కటి సెకనుకు సుమారు 40 వేల కంపనాలు గల ధ్వనిని పంపుతుంది. మీటరు దూరంలోని గోడను తాకి ఆ ధ్వని తిరిగిరావడానికి సెకనులో వెయ్యవ వంతులు ఆరు చాలు. ఆ కాలాన్ని బట్టి పరికరం దూరాన్ని లెక్కగట్టి కూతతో హెచ్చరిస్తుంది. 2019 జులై 1 నుండి మన దేశంలో తయారయ్యే ప్రయాణికుల కార్లకు వెనుక సెన్సర్లు తప్పనిసరి అయినవి.

జనగామ చల్కల బురద, మహబూబాబాద్ పల్లెదారుల దుమ్ము, భూపాలపల్లి గనుల బొగ్గుపొడి ఈ సెన్సర్లకు శత్రువులు. ధూళి కప్పినా, నీరు చేరినా అవి పనిచేయవు. కొన్ని కార్లు ఆ లోపాన్ని దీర్ఘమైన కూతతో తెలుపుతాయి. కొన్ని మౌనం వహిస్తాయి. ఆ మౌనాన్ని “వెనుక ఎవరూ లేరు” అని భావించడమే అసలు ప్రమాదం. మన వాకిళ్ళలో పసిపిల్లలు ఆడుకుంటారు కదా!

కొత్త సెన్సర్ కొనకముందే లోపమెక్కడో తేల్చుకోవాలి. మొదట తడిగుడ్డతో తుడవాలి. పలుమార్లు ఇంతటితోనే పని తీరుతుంది. తీరకపోతే, ఇంజన్ ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి తిప్పి, రివర్స్ గేరులో ఉంచాలి. ఒక్కొక్క సెన్సర్‌పై వేలు ఆనించాలి. మంచిదైతే సన్నని టికటిక తెలుస్తుంది. టికటిక లేనిదాన్ని పక్కనున్న అదేరకం సెన్సర్‌తో తారుమారు చేయాలి. లోపం సెన్సర్‌తోపాటు కదిలితే సెన్సర్ చెడినట్లు. ఉన్నచోటనే నిలిస్తే తీగెలోనో, కనెక్టర్‌లోనో దోషమున్నట్లు.

విప్పడానికి ముందు బ్యాటరీ రుణధ్రువపు తీగెను తొలగించాలి. బంపర్ లోపలి నుండి కనెక్టర్‌ను ఊడదీయాలి; తీగెను పట్టి లాగరాదు. పక్కలనున్న క్లిప్పులను నొక్కి సెన్సర్‌ను వెలుపలికి తీయాలి. అదే భాగసంఖ్య గల కొత్తదాన్ని గుర్తు సరైన దిశలో ఉండేటట్లు అమర్చాలి. దానిపై మందంగా రంగు వేయరాదు. చివరకు అట్టపెట్టెను వేర్వేరు దూరాలలో ఉంచి పరీక్షించాలి.

అన్నీ సరిగా ఉన్నా సెన్సర్‌కు హద్దులున్నవి. నేలకు దగ్గరగా ఉన్న రాయి, సన్నని కర్ర దానికి తెలియకపోవచ్చు. పత్తి మూటలు, మందపాటి దుస్తులు ధ్వనిని పీల్చివేస్తాయి. కనుక కారు వెనుకకు నడిపే ముందు ఒకసారి దిగి చూడటమే ఉత్తమ ధర్మం. యంత్రం మనిషి జాగ్రత్తకు తోడే గాని, బదులు కాదు.

అర్థాలు

అతిధ్వని = మనిషి చెవికి వినబడనంత ఎక్కువ కంపనాలు గల ధ్వని
చల్క = ఇసుకపాలు గల ఎర్రనేల
రుణధ్రువం = బ్యాటరీలో మైనస్ గుర్తు గల కొన

ప్రశ్నలు

1. సెన్సర్ దూరాన్ని ఎలా గ్రహిస్తుంది?
2. లోపం సెన్సర్‌లో ఉన్నదో, తీగెలో ఉన్నదో ఎలా తేల్చవచ్చు?
3. “యంత్రం మనిషి జాగ్రత్తకు తోడే గాని, బదులు కాదు” – వివరించండి.