పడవలో బ్యాటరీ ఛార్జి కాకపోతే

విశాఖ రేవు నుంచి రాత్రివేళ వేటకు పోయే మరపడవలో బ్యాటరీ దిగిపోతే దీపం వెలగదు, వైర్‌లెస్ పలకదు. ఆగిన ఇంజను మళ్ళీ స్టార్టు కాదు. ఒడ్డుకొచ్చాక చాలామంది చేసే పని కొత్త బ్యాటరీ కొనెయ్యడం. లోపం మరోచోట ఉంటే అదీ దిగిపోతుంది!

ఒక వోల్టుమీటరు చాలు. ఇంజను ఆపిన కొన్ని గంటల తర్వాత 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 అయితే సుమారు సగం. ఇంజను నడుస్తుండగా ఇది 13.8–14.4 మధ్యకు రావాలి. రాలేదా? ముందు బెల్టు వదులైందేమో చూడండి. తరువాత ఆల్టర్నేటరు అవుట్‌పుట్ టెర్మినల్ దగ్గర కొలవండి. అక్కడ 14.2 ఉండి, బ్యాటరీ దగ్గర 13 మాత్రమే ఉంటే ఆల్టర్నేటరు నిర్దోషి. దోషం మధ్యనున్న తీగెలది, ఉప్పుగాలికి చిలుం పట్టిన టెర్మినళ్ళది. వాటిని గీకి, శుభ్రంచేసి, బిగించాలి. ఆల్టర్నేటరు దగ్గరా వోల్టేజి లేకపోతే ఛార్జింగు బల్బు చూడండి. చాలా ఆల్టర్నేటర్లలో అయస్కాంత క్షేత్రానికి తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అది మాడితే ఛార్జింగే మొదలు కాకపోవచ్చు. వోల్టేజి 15 దాటితే రెగ్యులేటరును అనుమానించాలి.

రెండు హెచ్చరికలు: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగె ఊడదీయకండి; వోల్టేజి ఎగసి డయోడ్లు మాడతాయి. ఛార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు.

ఓమ్ సూత్రాన్ని పరీక్షకోసం బట్టీపట్టాం. ఒక్కసారి రేవుకెళ్ళి మీటరు పట్టుకుంటే ఇక మరచిపోం.